మా బావ గిటారుకి రెండు పికప్‌లు

తెల్లవారుతుండగా బరంపురం నుంచి అక్క ఫోన్ చేసింది.

"తమ్ముడూ, మీ బావ ఎల్లిపోనార్రా," అంది. "గిటారు మీద గుడ్డ కప్పేను. నువ్వొచ్చీ," అని పెట్టేసింది.

మర్నాడు పేపర్లో బావ ఫోటో వేశారు. కింద ఊళ్ళోని సంగీత సంఘం అధ్యక్షులవారి సంతాపం. అందులో ఒక వాక్యం ఉంది: "చివరి సంవత్సరాల్లో చెయ్యి సహకరించక వేదికకు దూరమయ్యారు." అధ్యక్షులవారు నాకంటే చిన్నవారు. ఆరోగ్యంగానూ ఉన్నారు. ఇది చదువుతారు. ఆ ఒక్క వాక్యం కోసమే నేనిది రాస్తున్నాను. మా బావ చెయ్యి ఏనాడూ పోలేదు.

బావది ఛత్రపూర్ కచేరీలో గుమాస్తా ఉద్యోగం. సాయంత్రం రైల్లో బరంపురం చేరి, కాళ్ళు కడుక్కుని, పెడల్ స్టీల్ గిటారు ముందు కూర్చునేవాడు. ఒళ్ళో పెట్టుకునే గిటారు కాదది. నాలుగు కాళ్ళ మీద నిలబడే బల్ల, పైన పది తీగలు. ఎడమచేత్తో ఉక్కు కడ్డీని తీగల మీద జరుపుతూ, కాళ్ళతో పెడళ్ళు తొక్కుతూ వాయించాలి. కలకత్తా హోటల్లో వాయించే ఒకాయన దేశం వదిలి వెళ్తూ అమ్మేస్తే కొన్నాడు. మొదటిసారి దాన్ని వేదిక ఎక్కించినప్పుడు ఎవరో, "ఏటి బాబూ, ఇస్త్రీ బల్ల తెచ్చేవు?" అని అరిచారు.

"అవును నాయినా, సొక్కా ఇప్పీ," అన్నాడు బావ. తర్వాత వాయించాడు. ఎవరూ మళ్ళీ ఇస్త్రీ మాట ఎత్తలేదు.

వాయించడం అయ్యాక తీగలు తుడవడం అక్క పని. మా గంజాం గాలిలో ఉప్పుంది, ఒక్క తడి చుక్క మిగిలినా తీగ తుప్పు పడుతుంది. ఆమె కొంగు చివరతో తుడిచేది. గుడ్డ తెచ్చిస్తానంటే, "కొంగైతే ఎక్కడుందో ఎతుక్కోనక్కర్నేదు," అనేది.

ఆ ఉప్పుగాలే చివరికి పికప్‌ని తినేసింది. పికప్ అంటే తీగల కింద ఉండే అయస్కాంతపు దిమ్మ. చుట్టూ వెంట్రుకంత రాగి తీగ చుట్టి ఉంటుంది. పైన తీగ కదిలితే ఆ కదలికను పట్టి స్పీకరుకి పంపుతుంది. అది పోతే గిటారు మూగ. ఒకనాడు పాట మధ్యలో పోయింది. మోటార్లకి తీగ చుట్టే షాపులో ఇస్తే చుట్టి ఇచ్చారు, పాట కంటే ముందు ఫ్యాను హోరు వినిపించింది. ఇక కొత్తది వెయ్యాల్సిందే.

ఎలాంటిది కావాలని అడిగాను.

"ఓయ్ లైబ్రరీ," అన్నాడు బావ. నేను పుస్తకాలు చదువుతానని నాకాయన పెట్టిన పేరది. "గట్టిగా ఇనిపించీది ఎవుడైనా తెస్తాడు. సెయ్యి ఆపీసినాక తీగలో ఇంకా కొంచిం మిగిలుంటాది సూడు, అది ఇనిపించాల. అలాటిది కావాల."

నేను మద్రాసులో వాద్యబృందంలో ఉన్న ఒక పరిచయస్తుడికి రాశాను. జవాబు వచ్చేలోపల సంఘంవారు బావకి సన్మానం పెట్టారు. శాలువా, దండ, ఉపన్యాసం. అధ్యక్షులవారు స్వయంగా కలకత్తా వెళ్ళి తెచ్చానని పట్టుగుడ్డలో చుట్టిన పికప్‌ని అందరి ముందూ పైకెత్తి చూపించి బావ చేతుల్లో పెట్టారు. చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.

అది ఆరు తీగల గిటారు పికప్. పది తీగల కింద బిగిస్తే ఆ చివర రెండూ ఈ చివర రెండూ దాని పట్టుకి అందవు. ఎక్కడో గోడ అవతల మోగినట్టుంటాయి. కొనేముందు తీగలు ఎన్నని అడగడం అధ్యక్షులవారికి తోచలేదు. చాలా ఉపన్యాసాలు ఇచ్చిన మనిషి, అడిగే అలవాటు పోయి ఉంటుంది.

తిరిగి ఇచ్చెయ్యమన్నాను.

"పది మందిలో దండేసి ఇచ్చింది ఎనక్కి ఎలా ఇస్తాన్రా? ఆ మనిసి మొకం ఏటౌతాది?"

"నీ పాట ఏమౌతుంది?"

"మద్దినున్న తీగల్తో సర్దుకుంటాను."

సర్దుకున్నాడు. శ్రుతులు మార్చాడు, పెడళ్ళు మార్చి బిగించాడు, తెలిసిన పాటల్ని నడుముకి తాడు కట్టినట్టు మధ్యకి లాక్కొచ్చాడు. అయినా ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర వేదిక మీద మంద్రంలోకి, చివరి తీగల మీదికి దిగాల్సిన చోట పాట మెట్టు తప్పినట్టు ఆగేది. "హాత గలా" అన్నారు జనం ఒడియాలో. చెయ్యి పోయిందట. పక్కన కూర్చున్న అధ్యక్షులవారు జాలిగా తల ఊపారు. ఆ తల ఊపడం నేను కళ్ళారా చూశాను.

ఈలోగా మద్రాసు నుంచి రెండు పికప్‌లు వచ్చాయి. రెండూ పది తీగలవే, ఒకటి ఎంచుకుని రెండోది తిప్పి పంపమన్నారు. ఒక ఆదివారం మధ్యాహ్నం బావ ఒకటి బిగించి వాయించాడు. విప్పి రెండోది బిగించి అదే ముక్క వాయించాడు. నాకు తేడా తెలియలేదు. పుస్తకాల్లో లేని విషయం.

"ఏదే?" అని వంటింట్లోకి కేకేశాడు.

"రెండోదే," అంది అక్క కనపడకుండానే. "మొదటిది మన పెద్దత్త లాగ అరుస్తంది."

బావ నవ్వాడు. మళ్ళీ వాయించాడు. కింది తీగ మీంచి కడ్డీ జారుతూ పై తీగ దాకా వెళ్ళింది. చెయ్యి తీసేశాక కూడా గదిలో ఆ స్వరం ఉంది. "ఇన్నావా, మిగిలింది?" అన్నాడు. విన్నాను. అప్పటికి చాలా ఏళ్ళుగా ఆయన పాట వింటున్నాను. ఆ రోజు విన్నది మాత్రం మళ్ళీ వినలేదు.

సాయంత్రం సంఘంలో కచేరీ. వెళ్ళేముందు స్క్రూడ్రైవరు తీసి, మంచి పికప్ విప్పి, సన్మానంలో ఇచ్చినదాన్ని బిగించాడు. అత్తారింటికి వెళ్తూ అత్తారు పెట్టిన పంచె కట్టుకున్నట్టు. అప్పట్నించి ప్రతిసారీ అంతే. వేదికకి ఒకటి, ఇంటికి ఒకటి. నేను తిట్టాను. అధ్యక్షుడికి నేనే చెప్తానన్నాను.

"నానున్నన్నాళ్ళు నువ్వు నోరిప్పితే నా మీద ఒట్టే," అన్నాడు.

క్రమంగా వేదికకి పిలవడం మానేశారు. మంచి పికప్ ఇక విప్పే అవసరం లేకుండా గిటారులో ఉండిపోయింది. సాయంత్రాలు వాయించేవాడు, అక్క తుడిచేది. నేను అప్పటికే వేరే ఊరు మారిపోయాను. ఊరికి ఆయన చెయ్యి పోయింది. మా అక్క ఒక్కతే రోజూ ఆ చేతిని వింది.

కర్మకాండ అయ్యాక సంఘంవారు సంస్మరణ సభ పెట్టారు. ఫోటో పక్కన గిటారు ఉంచుతామని పట్టుకెళ్ళారు. మైకులవాడు అలవాటు కొద్దీ దాని వైరు కూడా స్పీకరుకి తగిలించాడు. అధ్యక్షులవారు దానికి తడి ఓడుతున్న చామంతుల దండ వేసి, తాను కలకత్తా నుంచి తెచ్చిన పికప్ గురించి మొదలుపెట్టారు. మహానుభావుడి చెయ్యి చివర్లో మొరాయించినా ఆ పికప్ మాత్రం మొరాయించలేదన్నారు.

బావతో పాటు ఆ ఒట్టూ పోయింది కదా అని లేవబోయాను. నాకంటే ముందు అక్క లేచింది. అధ్యక్షులవారి వైపు చూడలేదు. ఆమె చూపంతా తీగల మీద, దండ నుంచి జారుతున్న నీళ్ళ మీద ఉంది. మెల్లగా మెట్లెక్కి దండ తీసి పక్కన పెట్టింది. కొంగు చివర చేతికి చుట్టుకుని, రోజూ తుడిచినట్టే, ఆ చివర తీగ నుంచి ఈ చివర తీగ దాకా తుడిచింది.

హాలంతా మోగింది. ఒక్క తీగ తప్పలేదు. అన్నిటికంటే కింది తీగ, సన్మానం పికప్ వచ్చాక బరంపురంలో ఏ సభా వినని ఆ తీగ, కుర్చీల కింద నేలలోంచి వచ్చినట్టు వచ్చింది. అధ్యక్షులవారు నోట్లో మాట అలాగే ఉంచుకుని గిటారు వైపు తిరిగారు.

అక్క చెయ్యి తీసేసింది. దిగి వచ్చి నా పక్కన కూర్చుంది. తీగల్లో ఇంకా కొంచెం మిగిలే ఉంది.