బాబాయి చొక్కా వేసుకుని వల లాగిన ఏడాది

బాబాయి పోయారు. తాడేపల్లిగూడెంలో నా బట్టల కొట్టు షట్టరు సగం ఎత్తి, చీపురు కోసం వంగేసరికి ఫోన్ మోగింది. చేసింది బాబాయి కొడుకు, మా తమ్ముడు. "అక్కా, నాన్నగారు వెళ్ళిపోయారు," అన్నాడు. పెట్టేసే ముందు గొంతు తగ్గించి, "ఎవరైనా అడిగితే ఊపిరితిత్తులని చెప్పక్కా," అన్నాడు. షట్టరు కిందికి లాగేసి బాబాయి వాళ్ళ ఊరికి, కలిదిండి బస్సెక్కాను. దారి పొడుగునా ఏడుపు కన్నా ముందు కోపమే వచ్చింది. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ కోపం పోలేదు. చదివేవాళ్ళకి తెలిస్తే తెలియనివ్వండి.

మా బాబాయి, అంటే మా నాన్నకి స్వయానా తమ్ముడు, జన్మలో చుట్ట గానీ సిగరెట్టు గానీ ముట్టలేదు. చెరువు గట్టు మీద ఎవరైనా బీడీ వెలిగిస్తే "కాస్త అవతలికి వెళ్ళి కాల్చుకోండి బాబూ" అనేవారు. ఆయనకి వచ్చింది రొమ్ము క్యాన్సర్. మగవాళ్ళకి అరుదుగా వస్తుందట. అరుదుగానైనా వస్తుంది. ఆయన బతికున్నన్నాళ్ళూ మా ఇంట్లో ఆ పేరు ఎవరూ పలకలేదు. పోయాక కూడా సిగరెట్లు తాగేవాళ్ళకి వచ్చే జబ్బేదో అంటగట్టడానికి సిద్ధపడ్డారు గానీ, అసలు జబ్బు చెప్పడానికి నోరు రాలేదు.

బాబాయిది చేపల చెరువు. చెరువులు తవ్వకూడదన్న కొల్లేరు హద్దుకి ఇవతలే ఉందని అడిగినవాళ్ళకీ, అడగనివాళ్ళకీ చెబుతూ ఉండేవారు. బొచ్చె, శీలావతి చేపలు పెంచేవారు. తెల్లవారేసరికి గట్టు మీద ఉండాల్సిందే. చేపలు నోళ్ళు తెరుచుకుని పైకి తేలాయంటే, ఇంజను వేయించి కొత్తనీరు పెట్టించేదాకా కాఫీ ముట్టేవారు కాదు. ఒక్క చేప ఒంటి మీద ఎర్రమచ్చ కనబడితే చాలు, దాన్ని నీళ్ళ కవర్లో వేసుకుని మోటారు సైకిల్ మీద కైకలూరు ల్యాబుకి పరిగెత్తేవారు. "చేప నోరు విప్పి చెప్పదమ్మాయ్. మనమే చూసి తెలుసుకోవాలి," అనేవారు నాతో. మహానుభావుడు, తన విషయంలో ఆ చేపల కన్నా ఏం ఎక్కువ చెప్పారు గనక!

ఆయన్ని చొక్కాతో చూసింది పెళ్ళిళ్ళలోనే. ఇంట్లోనైనా, గట్టు మీదైనా నడుముకి పంచె, భుజం మీద తువ్వాలు, అంతే. "చొక్కా తగిలించుకోండి, ఆడపిల్లలొచ్చారు" అని పిన్ని కసురుకునేది. "నా చేతుల మీద పెరిగినవాళ్ళే కదే," అని నవ్వేసేవారు. వాళ్ళ చెరువుల మీద ఒక పద్ధతి ఉంది. పట్టుబడి రోజున, అంటే పెరిగిన చేపల్ని వలేసి పట్టే రోజున, వల మొదటి తాడు చెరువు రైతే పట్టుకుని నీళ్ళలోకి దిగాలి. దిగేది చొక్కా విప్పే. నల్లగా, వెడల్పుగా ఉన్న ఛాతీ మీదుగా తాడు వేసుకుని బాబాయి ముందు నడుస్తుంటే వెనక కుర్రాళ్ళంతా కేకలు పెట్టేవాళ్ళు. చిన్నప్పుడు గట్టు మీద కూర్చుని చూసేదాన్ని, మా నాన్న కూడా ఇలా ఉంటే బాగుండునని. నాన్న సొసైటీ గుమాస్తా, ఎండ కన్నెరగని మనిషి.

అలాంటి మనిషి ఒక ఏడాది పట్టుబడికి చొక్కా వేసుకుని, మెడదాకా గుండీలు పెట్టుకుని నీళ్ళలో దిగారు. వల లాగేవాళ్ళు ఊరుకుంటారా? "ఏవండీ, చలేస్తుందాండీ? వయసైపోయిందండీ తమకి. గట్టు మీద కూర్చోండి, మేం చూసుకుంటాం కదా," అన్నారట. ముసలివాడు అంటే భగ్గుమనే మనిషి ఆయన. జుట్టుకి రంగు వేసుకునేవారు, బస్సులో ఎవరైనా లేచి సీటిస్తే నిలబడే వెళ్ళేవారు. ఆ రోజు మాత్రం "అవున్రా, ముసలాణ్ణయిపోయాను, చలేస్తోంది," అని వాళ్ళతో కలిసి నవ్వారట. ఈ సంగతి నాన్న మా ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పారు. ముసలివాడనిపించుకోవడానికి ఆయన ఎందుకు ఒప్పుకున్నారో అప్పుడు మాకెవరికీ తెలియదు. ఎడమ చనుమొన కింద గడ్డ లేచింది, మొన లోపలికి లాక్కుపోయింది. అది ఆడవాళ్ళకి వచ్చేది కదా అని ఆయనకి సిగ్గు. ముసలివాడంటే ఆ ఒక్కరోజూ నవ్వుతారు. ఇది తెలిస్తే వెనక ఏమంటారోనని భయం.

ఆ తర్వాత కొన్నాళ్ళకి నా కొట్టుకొచ్చారు. "అమ్మాయ్, ముదురు రంగు బనియన్లున్నాయా? కాస్త మందంగా ఉండాలి," అన్నారు. "ఏం బాబాయ్, ఈ వయసులో ఫ్యాషనా? పిన్నికి తెలుసా?" అని ఏడిపించాను. "తెల్లవైతే చెరువు నీళ్ళకి మాసిపోతున్నాయి," అన్నారు. నల్లవి, నీలంవి తీసిచ్చాను. కాఫీ తాగి, పాత సినిమాల గురించి మాట్లాడి, కొట్లో పనిచేసే అమ్మాయిని పేరుపేరునా వాళ్ళింట్లోవాళ్ళందరి గురించీ అడిగి వెళ్ళారు.

ఊళ్ళో వైద్యం చేసే ఆయనకి ఒకసారి చూపించారట, అదీ చొక్కా సగం ఎత్తి. "కొవ్వు గడ్డండి. వయసు మీద పడితే మగవాళ్ళకీ ఛాతీ జారుతుందండి, కంగారు పడకండి," అన్నాడట ఆయన. అది కాస్తా పుండైంది. వల తాడు ఒరుసుకుందని తనకి తానే చెప్పుకుని, చేపల పుండ్లకి చెరువులో చల్లే పర్మాంగనేటు నీళ్ళతో బాబాయి రోజూ కడుక్కున్నారు. "బనియన్ల మీద గోధుమరంగు మరకలు చూశానే. చెరువు మందేలే అనుకుని ఉతికి ఆరేశాను," అంది పిన్ని తర్వాత. చెరువు మీద బతికే ఇంట్లో ఆ మరకల్ని ఇంకోలా ఎవరనుకుంటారు?

మధ్యలో ఒక రోజు నాకు బాగా గుర్తు. ఏలూరులో ఆడవాళ్ళకి రొమ్ము పరీక్షల క్యాంపు పెట్టారు. పిన్నిని తీసుకెళ్ళమని బాబాయిని నేనే పోరాను, నేనూ వెళ్ళాను. కార్లో "భయపడకే, ముందే చూపించుకుంటే ఏమీ ఉండదట," అని దారంతా పిన్నికి ధైర్యం చెప్పారు. అక్కడ షామియానా కింద కరపత్రాలు పంచుతున్న అమ్మాయిని ఆగి అడిగారు. "మగవాళ్ళకి చూడరామ్మా?"

"చూస్తారండీ తాతగారూ. షుగరు, బీపీ ఆ పక్క టేబుల్ దగ్గరండీ," అంది ఆ పిల్ల మర్యాదగానే.

వెళ్ళి షుగరు, బీపీ చూపించుకొచ్చారు. "గుండ్రాయిలా ఉన్నానట," అన్నారు మాతో. పిన్నికి కూడా ఏమీ లేదన్నారు. సంతోషంగా టిఫిన్ చేసి ఇంటికెళ్ళాం.

నడుం నొప్పితో మంచం దిగలేని స్థితి వచ్చాక గానీ పెద్దాసుపత్రికి కదల్లేదు. డాక్టరమ్మ చొక్కా విప్పమంటే ఆయన మా వైపు చూశారు. తమ్ముడూ నేనూ గోడవైపు తిరిగాం. పరీక్షలన్నీ అయ్యాక ఆవిడ పేరు పెట్టి చెప్పింది, ఎముకల్లోకి పాకిందని కూడా చెప్పింది. తమ్ముడు లేచి గది తలుపు వేశాడు. బాబాయి గుండీలు పెట్టుకుంటూ మెల్లగా అడిగారు. "కాగితం మీద ఇంకో పేరేదైనా రాయడానికి వీలుంటుందాండీ?"

"ఉండదండీ. ఇందులో సిగ్గుపడాల్సిందీ లేదు. మీ అన్నదమ్ములూ, పిల్లలూ, ఆడామగా అందరూ ఒకసారి చూపించుకోవాలి. ఇది కొన్ని కుటుంబాల్లో రక్తసంబంధీకులకి వస్తుంది," అంది ఆవిడ.

తిరిగి వస్తుంటే కారు వెనక సీట్లో నా పక్కన కూర్చుని, "అమ్మాయ్, ఇది తెలిస్తే చెరువు మీద కుర్రాళ్ళు నా మొహం చూసి మాట్లాడతారంటావా?" అన్నారు. "చూడకేం బాబాయ్," అన్నాను. "మొహమే చూస్తారా?" అన్నారు. తర్వాత వర్షం గురించి ఏదో మాట్లాడారు. ఆయన ఎక్కువకాలం లేరు.

ఇక పరామర్శలు. వచ్చినవాళ్ళు "ఏమైందండీ, మొన్నటిదాకా బాగానే ఉన్నారు కదండీ?" అనడం, తమ్ముడు "ఊపిరితిత్తులండీ" అనడం. "అలవాట్లు మానమని చెప్పకపోయారాండీ?" అన్నాడొకాయన. తమ్ముడు తలదించుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నాన్నని దొడ్లోకి పిలిచి, డాక్టరమ్మ చెప్పిందంతా మళ్ళీ చెప్పాను. "మీరు చూపించుకోవాలి నాన్నా. తమ్ముడు చూపించుకోవాలి. ఇలా దాస్తూ పోతే ఎవరికి తెలుస్తుంది?"

"పోయినవాడి పరువు తియ్యకమ్మా," అన్నారు నాన్న. "నాకేం లేదు. ఈ వయసులో నేనెళ్ళి ఆ పరీక్ష చేయించుకుంటే నలుగురూ నవ్వరూ?"

తమ్ముడిని చెడ్డవాడనడం లేదు. తండ్రికి స్నానం చేయించినవాడు, కట్టు మార్చినవాడు వాడే. వాడికి తెలిసిన మగతనం వాళ్ళ నాన్న ఛాతీ మీద తాడు వేసుకుని నీళ్ళలో నడవడం. ఆ బొమ్మ చెరిగిపోకుండా కాపాడుకోవాలనుకున్నాడు. నాకూ ఆ బొమ్మంటే ప్రాణమే. కానీ దానికోసం మా ఇంట్లో ఇంకో మనిషిని పోగొట్టుకోవడం నాకిష్టం లేదు.

పెద్దకర్మ రోజు భోజనాల ముందు వల లాగేవాళ్ళంతా వచ్చి పందిట్లో కూర్చున్నారు. వాళ్ళలో పెద్దవాడు మళ్ళీ అదే అడిగాడు, తమ్ముడు మళ్ళీ అదే చెప్పబోయాడు. లోపల కూర్చున్న పిన్ని లేచి గుమ్మంలోకి వచ్చింది. కొంగు తలమీద నిలవడం లేదు, సర్దుకోనూ లేదు.

"ఊపిరితిత్తులు కాదండీ. ఆయనకి రొమ్ముకి వచ్చింది క్యాన్సరు. గడ్డ లేచినప్పుడు నాతో అనలేదు, మీతో అనలేదు. నన్ను క్యాంపుకి తీసుకెళ్ళి, ఆయన బయట కూర్చున్నారు. మీరు మాత్రం దాచుకోకండి బాబూ. ఒళ్ళు చూసుకోండి," అంది.

పందిట్లో చివర్న ఒకడికి నవ్వొచ్చింది కాబోలు, దగ్గులా మార్చుకున్నాడు. తమ్ముడు లేచి వీధిలోకి వెళ్ళిపోయాడు, భోజనాలయ్యేదాకా రాలేదు. పిన్నితో ఇప్పటికీ ముభావంగానే ఉంటున్నాడు. చూపించుకోరా అంటే ఫోన్ పెట్టేస్తాడు. నాన్న ఆ రోజు విస్తరి ముందు కూర్చున్నారే గానీ ఏమీ తినలేదు.

పోయిన వారం నాన్న చెప్పాపెట్టకుండా నా కొట్టుకొచ్చారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. "ఏలూరు వెళ్దామా?" అన్నారు. ఎందుకని నేనడగలేదు, ఏమైనా కనబడిందా అని కూడా అడగలేదు. దారిలో ఆయన కిటికీలోంచి చెరువులు చూస్తూ కూర్చున్నారు.

స్కానింగ్ గది ముందు బల్లల నిండా ఆడవాళ్ళే. ఆయన నా పక్కన చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా కూర్చున్నారు. మా వంతు వచ్చేసరికి నర్సమ్మాయి తలుపు తీసి నన్ను చూసి, "రండి మేడమ్. నాన్నగారిని బయటే ఉండమనండి, ఇది లేడీస్‌కండీ," అంది.

నాన్న లేచి నిలబడ్డారు. "చూపించుకోవాల్సింది నేనేనమ్మా," అన్నారు, అందరికీ వినబడేలా. ఆడవాళ్ళంతా తలలెత్తారు. ఆయన చొక్కా పై గుండీ అక్కడే విప్పుకుంటూ, వాళ్ళ మధ్య నుంచి లోపలికి నడిచారు.