గుడివాళ్ళు పెట్టిన చీర

తాడేపల్లిగూడెంలో మా గుడి, అంటే మా చర్చి, వెనక ఒక రేకుల షెడ్డుంది. ఒకప్పుడు అందులో పెళ్ళి భోజనాలు జరిగేవి. ఇప్పుడు ఇల్లూ వాకిలీ లేనివాళ్ళు ఉంటున్నారు: రైల్వే స్టేషను దగ్గర పడుకునేవాళ్ళు, కొల్లేరు పొంగి గుడిసె పోయినవాళ్ళు, పిల్లలు పొమ్మన్నవాళ్ళు. మా ఆడవాళ్ళం ఎసట్లో పోసేముందు పిడికెడు బియ్యం పక్కకు తీసి, ఆదివారం గుడికి తెస్తాం. షెడ్డులో అన్నం ఆ బియ్యంతోనే. నేను టీచరుగా రిటైరయ్యాక వడ్డన నా చేతికొచ్చింది. వడ్డించడం నాకిష్టమే. పుణ్యం చేస్తున్నామన్న మొహాలు పెట్టుకుని వడ్డించేవాళ్ళని చూస్తేనే ఒళ్ళు మంట.

షెడ్డులో ఒక ముసలావిడ ఉండేది. భర్త లేడు, పిల్లల్లేరు. గణపవరం వైపు చేపల చెరువుల మీద పనిచేసి, నడుం వంగాక మా దగ్గరికొచ్చింది. ఒకచోట కుదురుగా ఉండే మనిషి కాదు. చెప్పకుండా చెరువులవైపు వెళ్ళిపోయి, బుద్ధిపుట్టినప్పుడు తిరిగొచ్చేది. ఓ ఏడు వానల్లో అలాగే వెళ్ళింది. కొల్లేరు పొంగింది. ఆవిడ రాలేదు.

నీళ్ళు తీశాక డ్రెయిను కాలవ గట్టున ఒక ఆడమనిషి శవం దొరికింది. మొహం గుర్తుపట్టేలా లేదు. ఒంటిమీద నీలం అంచు తెల్లచీర ఉంది. క్రిస్మస్‌కి మా స్త్రీల సమాజం విధవరాళ్ళకు పెట్టే చీర అది. ఏటా ఒకే కొట్లో ఒకే రకం తెస్తాం. పోలీసులు కబురుపెడితే కొందరం వెళ్ళాం.

"మనావిడేనండీ," అన్నారు సమాజం పెద్దావిడ.

ఎవరం కాదనలేదు. మేం పెట్టిన చీర గుర్తుంది గానీ, కట్టుకున్న మనిషి మాకెవరికీ సరిగ్గా గుర్తులేదు. భూస్థాపన చేసి, సమాధి మీద పేరు చెక్కించి, పోయినవాళ్ళ కోసం చేసే ఆదరణ కూడిక పెట్టాం. ఏడ్చాం కూడా.

మరుసటి ఏడు, సమాధులకు సున్నం వేసి పోయినవాళ్ళను తలుచుకునే సమాధుల పండగ దగ్గరపడింది. ఒక మధ్యాహ్నం నేను షెడ్డులో పప్పుచారు వడ్డిస్తున్నాను. గేటు తోసుకుని ఆవిడొచ్చింది. చిక్కిపోయింది, జుట్టు పొట్టిగా కత్తిరించి ఉంది.

"వందనాలండీ," అంది.

మాలో వందనాలు చెబితే తిరిగి చెప్పనివాళ్ళుండరు. కోపంలో ఉన్నా, నోట్లో ముద్దున్నా చెబుతాం. ఆరోజు ఒక్క నోరు పెగల్లేదు. గరిటెలోంచి చారు నా పాదం మీద కారుతోంది, కాలుతోందని కూడా తెలియలేదు. ఆవిడకు నీడ పడుతోందా లేదా అని నేలవైపు చూసినవాళ్ళలో నేనూ ఉన్నాను. పిల్లలకు సైన్సు చెప్పినదాన్ని.

వరదలో కాలు విరిగితే ఎవరో ఏలూరు ఆస్పత్రిలో చేర్చారట. తర్వాత వట్లూరులో ఎవరో దయగలవాళ్ళు ఉంచుకున్నారట. లేచి నడవడానికి ఇన్నాళ్ళు పట్టింది. మా పాస్టరు అయ్యగారు ఆ మాటలన్నీ ప్రసంగం చివర అందరికీ చెప్పారు. షెడ్డు నమ్మలేదు. ఆవిడ చాప పరిస్తే అటూ ఇటూ చాపలు దూరం జరిగేవి. ఆవిడ తాగిన గ్లాసు ఎవరూ ముట్టేవారు కాదు. చివరికి, ఒకప్పుడు స్టేషను దగ్గర పడుకుని ఇప్పుడు షెడ్డులో ఉంటున్న ఒకావిడ నా దగ్గరకొచ్చింది.

"పాతిపెట్టినావిడ పక్కన ఎలా పడుకుంటామండీ? ఆవిణ్ణయినా ఉంచండి, మమ్మల్నయినా ఉంచండి."

ముసలావిడ ఆ మాట వింది. మూట విప్పడం మానేసింది. మళ్ళీ రోడ్డున పడుతుందని నాకు భయం పట్టుకుంది. సమాధి మీద పేరు చెరిపిస్తే జనానికి భయం పోతుందన్నారు సమాజం పెద్దావిడ. మేస్త్రీని పిలిచి, ముసలావిడనీ, ఆ స్టేషనావిడనీ వెంటబెట్టుకుని సమాధుల తోటకు వెళ్ళాం.

కొత్తగా సున్నం వేసిన సమాధుల మధ్య ముసలావిడ తన పేరు ముందు నిలబడింది. చదువు రాదు.

"ఇదేనాండీ నేను?" అని అడిగింది.

ఏదో ఒకటి చెప్పాలని చీర సంగతి చెప్పాను. ఆవిడ అక్కడే కూలబడింది.

"ఆ చీర నేనే ఇచ్చానండీ. వానలో వంతెన కింద ఒకావిడ వణికిపోతుందండీ. ఒంటిమీద సరైన గుడ్డ లేదు. నాకింకోటి ఉందిగా అని కట్టబెట్టాను."

"ఎవరావిడ?"

"పేరడగలేదండీ. మాట సరిగా రాదు పాపం. మా గుడికొచ్చేయండి, అన్నం పెడతారు అన్నాను. వస్తానని తలూపిందండీ."

మేస్త్రీ ఉలి పెట్టబోయాడు. ఆవిడ రాయి మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉంచు బాబూ. అదీ తీసేస్తే ఆవిడకేముంటుంది?"

స్టేషనావిడ అదంతా చూస్తూ నిలబడింది.

పండగనాడు అయ్యగారు పోయినవాళ్ళ పేర్లు చదివారు. ముసలావిడ అడిగిందని, సమాధి మీదున్న ఆవిడ పేరూ చదివారు. ఆడవాళ్ళ వైపు నుంచి "ఆమెన్" అన్న గొంతు ఆవిడదే. గుడంతా బిగుసుకుపోయింది. ఆవిడ చుట్టూ ఎప్పటిలాగే ఖాళీ. నా పక్కనున్న స్టేషనావిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నేనెక్కడో పడిపోతే నాకెవరు పేరిస్తారండీ?" అంది నా చెవిలో.

నాకు ఏడుపాగలేదు. స్టేషనావిడ నా చెయ్యి వదిలి, ఆ ఖాళీలోకి జరిగి, ముసలావిడ భుజానికి భుజం ఆనించి కూర్చుంది.