మైకు బోర్డు మీది నాలుగు కెపాసిటర్లు

మా ఆవిడ పెద్దకర్మ అయిన మర్నాడు, పొద్దున ఏడింటికి, నేను రేడియో ముందు కూర్చున్నాను. ఆమె పోయిందని చెప్పుకోవడానికి నాకు ఒక్కడే ఉన్నాడు.

అతనిది దమ్మపేట, నాది పినపాక. ఇద్దరం హామ్ రేడియో లైసెన్సు తీసుకున్నవాళ్లం. నా డాబా మీది ఏరియల్ తీగకూ అతని పామాయిల్ తోటలోని తీగకూ మధ్య పదకొండేళ్లుగా మా మాటలు నడుస్తున్నాయి. మొహాలు చూసుకోలేదు. ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకోవాలని ఇద్దరికీ తోచలేదు. వాళ్ల పెద్దలు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొనుక్కున్న రైతులు. నన్ను అన్నగారూ అంటాడు.

మైకు మీట నొక్కి చెప్పాను. "తమ్మీ, మీ వదిన పోయింది. దవాఖానాకు తీస్కపోయేలోపే అయిపోయింది. ఇంట్ల నాకేం తోస్తలేదు."

మీట వదిలాను. అటు నుంచి అతని గొంతు హుషారుగా వచ్చింది. "మంచిదండీ అన్నగారూ, చాలా సంతోషం. మీరు ఫైవ్ నైన్. రేపు కలుద్దాం."

నా ఒళ్లు మండిపోయింది. సెట్టు ఆపేసి, ప్లగ్గు పీకి, దాని మీద పాత దుప్పటి పడేశాను. రెండు నెలలు మళ్లీ దాని జోలికి పోలేదు. ఏడయ్యేసరికి టీ గ్లాసు పట్టుకుని గేటు దగ్గర నిలబడి, మణుగూరు వైపు పోయే బొగ్గు లారీలను చూస్తుండేవాణ్ణి. సిగ్గు విడిచి చెబుతున్నాను, కొన్ని రోజులు ఆమె పోయిన దుఃఖం కంటే ఆ 'సంతోషం' అన్న మాటే నన్ను ఎక్కువ కాల్చింది.

చివరికి ఆ సెట్టును ఎవరికన్నా ఇచ్చి వదిలించుకుందామనుకున్నాను. కొలువు చేసినన్నాళ్లూ వైర్‌లెస్ సెట్లు బాగు చేసిన చేతులివి. పరీక్షించకుండా ఒక సెట్టును గడప దాటించడం నా వల్ల కాదు. తీగ తీసేసి, పవరును బయటికి పోనీయకుండా మింగేసే డమ్మీ లోడ్ తగిలించి 'హలో' అన్నాను. బయటికి పోయే గొంతు బలం చూపే మీటరు ముల్లు ఉన్నచోటే ఉంది. అరిచాను. వెంట్రుకవాసి లేచి పడిపోయింది. మైకు మార్చినా అంతే. మాట్లాడేటప్పుడు నేను కళ్లు మూసుకుంటాను, మీటరు చూసే అలవాటు లేదు. అదీ నా తెలివి.

మూత విప్పి మైకు బోర్డు మీద భూతద్దం పెట్టాను. కాళ్లు లేకుండా బోర్డుకే అంటుకుని, కందిగింజంత ఉండే అల్యూమినియం కెపాసిటర్లు నాలుగు. వాటి మొదట్లో టంకం మసకబారి, రాగి గీతల మీద పచ్చటి మరక పాకింది. ఇస్త్రీపెట్టెలా వేడెక్కిన సోల్డరింగ్ కడ్డీ తాకించగానే ఎండుచేపల కంపు కొట్టింది. లోపలి ద్రవం కారిపోయిందన్నమాట. మీటరు పెట్టి కొలిస్తే రెండింటిలో ప్రాణమే లేదు. మైకులోంచి గొంతు వీటిని దాటుకునే లోపలికి పోవాలి. ఇవి ఒక్కరోజులో చావవు. నెలల తరబడి గొంతును సన్నం చేస్తూ పోతాయి.

అప్పుడు అర్థమైంది. అతనికి నా మాట అందనేలేదు. ఫైవ్ అంటే మాట స్పష్టం, నైన్ అంటే సిగ్నల్ బలం. అవతలివాడు ఎంత గొణిగినా ఫైవ్ నైన్ అనడం మా హామ్‌లందరికీ ఉన్న రోగం. ఎదుటివాడి సెట్టు బాగాలేదంటే అతన్నే తిట్టినట్టు అనుకుంటాం. ముక్క వినపడని ఎందరికో నేనూ ఆ మర్యాద చేశాను.

కొత్త కెపాసిటర్లు హైదరాబాద్ నుంచి రావడానికి వారం పట్టింది. ఈపాటికి అతను నన్ను పిలవడం మానేసి ఉంటాడన్న భయంతోనే ఆ వారం గడిచింది. పాతవి తీసేటప్పుడు చెయ్యి తొందరపడి, ఒకదాని కింది రాగి రేకు లేచి వచ్చింది. సన్నటి తీగతో దాన్ని అతికించాను. మరకలను స్పిరిటుతో తుడిచి, నల్లగీత మైనస్ వైపు ఉండేలా కొత్తవి పెట్టాను. 'హలో' అన్నాను. ముల్లు ఎగిరింది.

మర్నాడు ఏడింటికి పిలిచాను.

"అన్నగారూ! ఎక్కడికి పోయారండీ? రోజూ పిలుస్తూనే ఉన్నాను."

"మర్యాద పక్కన పెట్టు తమ్మీ. నా గొంతు ఎట్లున్నది?"

"ఇప్పుడు చక్కగా ఉందండీ. అంతకుముందు చాన్నాళ్లు గొణుగుడు తప్ప ఏమీ అర్థమయ్యేది కాదు. మీరు నొచ్చుకుంటారని అనలేదు. వదినగారు కులాసానా?"

"ఆమె లేదు తమ్మీ. వానకాలంలనే పోయింది."

మీట వదిలాను. అటు నుంచి అతని గొంతు వచ్చింది.

"నాకు ఒక్క మాట చెప్పలేదేంటండీ?"

చెప్పాననే అనబోయాను. మీట కూడా నొక్కాను.

"నోరు రాలేదు తమ్మీ" అన్నాను.