ఇద్దరు తండ్రుల యోసేపు

ఈ ఉదయం యార్డులో బోగీలు ఒకదానికొకటి తగులుకున్న చప్పుడు వినగానే సుగుణమ్మ టీచరుగారి చూపుడువేలు కళ్లముందు లేచింది. బిలాస్‌పూర్ రైల్వే క్వార్టరు వరండాలో నాకు చదువు చెబుతూ, ఆ చప్పుడు సద్దుమణిగేదాకా ఆమె అలా వేలెత్తి ఉంచేవారు. ఆమె రిటైరైన పంతులమ్మ. మా పక్కనే కొడుకు క్వార్టరులో ఉండేవారు. అప్పటికి నాకు యాభై దాటాయి.

అక్షరాలు వచ్చిన కొత్తలో బైబిలు తీసి, గడగడా ఒక కీర్తన చదివాను. ఆమె పేజీకి అరచెయ్యి అడ్డం పెట్టారు. నా నోరు ఆగలేదు.

"ఇది చదువు కాదే తల్లీ, కంఠస్థం," అని నవ్వి, అందరూ దాటేసే పేర్ల వరస తీశారు. "పేర్లు ఊహించి చెప్పలేవు. ఇవి చదువు."

మత్తయి సువార్తలో అబ్రాహాము నుంచి కిందికి దిగాను. మరియమ్మ భర్త యోసేపుకు తండ్రి యాకోబు. లూకాలో యేసు నుంచి పైకి ఎక్కాను. అక్కడ అదే యోసేపుకు తండ్రి హేలీ.

"నాకు సదువు రాలేదండి. ఒకే మనిషికి ఇద్దరు తండ్రులొస్తన్నారు."

"అచ్ఛా! అయితే బాగానే వచ్చింది. ఒకటి మరియమ్మ వైపు వంశమని కొందరంటారు. ఆ రోజుల్లో పిల్లల్లేకుండా పోయిన అన్న పేరు నిలపడానికి తమ్ముడు వదినను చేసుకునేవాడు, అందుకే ఇద్దరని కొందరంటారు. నాకైతే తెలీదు."

"ఒకటి కొట్టీవచ్చు గదా?"

"బైబిల్లో రెండూ ఉంచినోళ్లకి అది కనబడలేదంటావేటి?"

నాకు నవ్వు రాలేదు. మా ఇంట్లో నడుస్తున్న గొడవ అదే. ప్రసాదు మా బావగారి కొడుకు. కన్నవాళ్లిద్దరూ పోతే చంటిబిడ్డగా తెచ్చి పెంచాం. వాడికి పెళ్లి కుదిరింది. చర్చిలో మూడు ఆదివారాలు 'ఫలానావారి కుమారుడు' అని ప్రకటన చదవాలి. "మా అన్న పేరే ఇద్దాం, లేపోతే ఆడి పేరెక్కడుంటాది?" అన్నాడు మా ఆయన. "మరి మనమేటి, అద్దెకున్నోళ్లమా?" అని నేను అన్నం మానేశాను.

అదంతా విని టీచరుగారు తీర్పేమీ చెప్పలేదు. తెల్లకాయితం నా ముందు పెట్టి, "ప్రకటన నువ్వే రాయి," అన్నారు.

కన్నతండ్రి దానయ్య, పెంచిన తండ్రి యోహాను అని రాశాను. ఆమె కళ్లద్దాలు సర్దుకుని చూశారు.

"ఆడోళ్లేరీ?"

"ప్రకటనలో మా పేర్లు సదవరు గదండి."

"మత్తయి వరసలో తామారు లేదూ? రూతు లేదూ? చదివిందానివి నువ్వే గదా!"

పెన్ను మళ్లీ తీసుకున్నాను. నా పేరు రాయాలని చెయ్యి తొందరపడింది. కానీ నేను ఒక్కసారీ పిల్లాడి దగ్గర ఎత్తని పేరు ఒకటుంది. ముందు వాడి కన్నతల్లి శాంతమ్మ అని రాశాను. ఆ తర్వాత కరుణమ్మ.

పాస్టరుగారు నాలుగు పేర్లూ చదివారు. ప్రసాదు వెనక్కి తిరిగి నన్ను వెతుక్కున్నాడు.

టీచరుగారు ఇప్పుడు లేరు. రెండు మాటలు పొసగని చోట ఒకదాన్ని కొట్టేయాలని నాకు ఈనాటికీ చెయ్యి దురదపెడుతుంది. అప్పుడు రెండింటినీ మళ్లీ, మెల్లగా, పైకే చదువుకుంటాను.