పెద్దమ్మ దించిన శ్రుతి

మా పెద్దమ్మ పోయిందన్న కబురు బడికి వచ్చింది. నాలుగో తరగతికి భిన్నాలు చెబుతున్నాను. అమ్మ పంపిన మనిషి తలుపు దగ్గర నిలబడి, "టీచరమ్మా, మీ పెద్దమ్మ పానం పోయిందట" అన్నాడు. చేతిలో సుద్దముక్క అట్లాగే ఉంది. అది పట్టుకునే పెద్దమ్మ ఉండే కొత్తవాడ దాకా వెళ్లానని ఇంటి ముందు రిక్షా దిగాకగానీ తెలియలేదు.

ఆమెను చాప మీద వెల్లకిలా పడుకోబెట్టారు. కానీ వెన్ను అంతగా వంగిపోయి ఉండటంతో తల నేలకు ఆనలేదు. ఆమె భర్త, మా పెద్దబాపు, లోపలికి వెళ్లి తాను నేసిన జంపఖానా ఒకటి తెచ్చి, మడిచి, ఆ ఖాళీలో పెట్టాడు. సరిపోలేదు. ఇంకొకటి తెచ్చాడు. బతికున్నన్నాళ్లూ ఆ నడుము ఆమెను ఎంత సతాయించిందో నాకు తెలుసు. చివరిరోజున కూడా దాని పట్టుదల చూసి కోపం వచ్చింది.

ఆమె మా అమ్మకు సొంత అక్క. పెద్దబాపు జంపఖానాలు నేసేవాడు, ఆమె మగ్గం పక్కన కూర్చుని కండెలు చుట్టేది. కొత్తవాడలో ఏ ఇంట్లో చూసినా ఇదే బతుకు. ఏ ఇంట్లోనూ లేనిది ఆమె గొంతు. బతుకమ్మ ఆడేటప్పుడు ఒకరు పాట ఎత్తుకోవాలి, మిగతావాళ్లు వంగుతూ చప్పట్లు కొడుతూ అందుకోవాలి. మా వాడలో ఆ ఎత్తుకునేది మా పెద్దమ్మ. పలుచని గొంతు, కానీ పైకి వెళ్లేకొద్దీ గట్టిపడేది. అది పక్కవాడ దాకా వినిపించేది, అక్కడి ఆడవాళ్లు తమ ఆట ఆపి ఇటు వచ్చేవాళ్లు. దానికి అక్కడ పాట ఎత్తుకునేవాళ్లు అలిగిన సందర్భాలు కూడా ఉన్నాయి.

ఆటలో ఆమె చాలా కఠినురాలు. మా అమ్మ చప్పట్లు ఎప్పుడూ తాళం తప్పేవి. అందరి ముందూ పాట ఆపి, "చప్పట్లు కొడ్తానవా, దోమలను కొడ్తానవా చెల్లె?" అనేది. అమ్మ ముఖం మాడ్చుకునేది, మళ్లీ మరుసటి రోజు తప్పేది. ఇంట్లో రాట్నం తిప్పుతున్నంతసేపూ పెద్దమ్మ ఏదో ఒకటి కూనిరాగం తీస్తూనే ఉండేది. "నోరు ఊకుంటే చెయ్యి ఊకుంటది బిడ్డా" అని నాతో అనేది. పాట తనకు రాట్నానికి వేసే నూనెలాంటిదే తప్ప అంతకుమించి ఏమీ కాదన్నట్టు మాట్లాడేది. ఆ మాటను మేమందరమూ నమ్మాం.

నలభై నిండకుండానే ఆమెకు గర్భసంచి, దాంతోపాటు అండాశయాలూ తీసేశారు. తర్వాత కొన్నేళ్లకు నడుము నొప్పి మొదలైంది. మెల్లగా ముందుకు వంగసాగింది. వేరే ఊళ్లో అయితే ఎవరైనా అడిగేవారేమో. మా వాడలో మగ్గం మీద కూర్చునే ప్రతి మనిషీ వంగే ఉంటాడు, ఆమె వంపు ఆ వంపుల్లో కలిసిపోయింది. పైగా దానికి మా వాడలో అందరికీ తెలిసిన వైద్యం ఒకటుంది. జంపఖానాను చుట్టగా చుట్టి దాని మీద బోర్లా పడుకోవాలి, ఇంకొకరు ఎక్కి మెల్లగా నడుము తొక్కాలి. నేతపని వాళ్ల నడుములు అట్లాగే సాఫీ అవుతాయి. పెద్దమ్మ నడుము మా అమ్మ తొక్కింది. రెండడుగులు వేసిందో లేదో లోపల ఏదో పటుక్కుమంది. పెద్దమ్మ అరవలేదు. ఊపిరి బిగబట్టి, "దిగు చెల్లె" అంది, అంతే. ఆ రోజు సంగతి అమ్మ ఇప్పటికీ ఎత్తదు, ఎవరైనా ఎత్తితే లేచి వంటింట్లోకి వెళుతుంది.

హనుమకొండలో ఒక లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. నేనప్పుడు టీచర్ ట్రైనింగ్ చదువుతున్నాను కాబట్టి ఇంగ్లీషు అర్థమవుతుందని నన్ను వెంట పెట్టుకున్నారు. ఎక్స్‌రే వెలుగుకు పట్టి డాక్టరమ్మ చూపించింది. వెన్నులో ఒక పూస నలిగిపోయి ఉంది. "బొక్కలు గుల్లబారినయి. ఇది మగ్గం నడుము కాదు. చిన్న వయసుల ఆపరేషన్ అయింది గద, ఒంట్ల ఉండాల్సింది ఎండిపోయింది" అంది. తర్వాత ఒక్కొక్కటే అడిగింది. పిల్లలెందరు, ఏం తింటావు, ఎండకు తిరుగుతావా, ఏం పని చేస్తావు.

"కండెలు చుడుత" అంది పెద్దమ్మ.

"ఇంకేం చేస్తవమ్మా?"

"వంట చేత్త, నీళ్లు మోత్త. ఇంకేముంటది?"

కాల్షియం గోలీలు, మూడు వారాలకొక ఇంజక్షను రాసింది డాక్టరమ్మ. బలానికి, ఎముక గట్టిపడటానికి అని చెప్పింది. మొహం మీద కాస్త నూగు రావచ్చు, కాళ్లకు నీరు పట్టవచ్చు అని కూడా చెప్పింది. "ఈ వయసుల నా మొహం ఎవ్వడు సూత్తడు డాక్టరమ్మా" అని పెద్దమ్మ నవ్వింది. అందరం నవ్వాం.

నిజం చెప్పాలంటే ఆ సూదులు పనిచేశాయి. మూడు నెలలు తిరగకముందే ఆమె గోడ పట్టుకోకుండా లేచి నిలబడింది. రాట్నం ముందు మళ్లీ కూర్చుంది. ఆకలి పెరిగింది, చెంపలు నిండాయి. గడ్డం మీద నల్లగా వెంట్రుకలు మొలిస్తే మగ్గం పోగు తీసి వాటిని మెలేసి పీకేది. "దారం గట్టిదే, మీ పెద్దబాపు నేతకు వంక పెట్టొద్దు" అనేది. కాల్షియం గోలీలే ఆమెకు నచ్చలేదు. సుద్ద నమిలినట్టుందని, కడుపు బిగదీస్తోందని గొణుగుతూ మింగేది.

గొంతు మారుతుంటే మొదట జలుబు అనుకున్నాం. మిరియాల పాలు తాగింది, కరక్కాయ బుగ్గన పెట్టుకుంది. ఒకరోజు కరెంటు మీటరు చూడటానికి వచ్చినతను బయటి నుంచి పిలిస్తే లోపలి నుంచి "ఎవలు?" అంది. "సార్, జర తలుపు తీయండి" అన్నాడతను. "సారు మగ్గం మీదున్నడు, నేను సారు పెండ్లాన్ని" అంటూ తలుపు తీసింది. ఆ కథ తానే వాడంతా చెప్పుకుని నవ్వించింది. మేం నవ్వుతుంటే ఆమె మాత్రం గొంతు మీద చెయ్యి పెట్టుకుని ఉండటం నాకిప్పుడు గుర్తొస్తోంది.

ఆ ఏడు పండుగ మొదటిరోజు, ఎంగిలిపూల బతుకమ్మనాడు, అందరూ గుండ్రంగా నిలబడ్డారు. పెద్దమ్మ పాట ఎత్తుకుంది. మొదటి వరుస బొంగురుగా అయినా గడిచింది. రెండో వరుసలో రాగం పైకి వెళ్లాల్సిన చోట గొంతు రెండుగా చీలి ఆగిపోయింది. ఆడవాళ్లందరూ వంగి, చేతులు చాపి, చప్పట్లకు సిద్ధంగా ఉన్నారు. ఆమె మళ్లీ ప్రయత్నించింది. అక్కడే ఆగింది. ఇంకొకామె పాట అందుకుంది, ఆట సాగింది. పెద్దమ్మ వరుసలోంచి పక్కకు పోలేదు. నోరు మూసుకుని చివరిదాకా చప్పట్లు కొడుతూనే ఉంది. ఆమె చప్పట్లు తాళం తప్పడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఇంటికి వచ్చాక గడపలో కూర్చుని, "గొంతుల దూది ఇరికినట్టున్నది, ఎట్ల తియ్యాలె బిడ్డా?" అని అడిగింది. 

మరునాడే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆమె విన్నది, పాత చీటీ తీసి చూసింది. "ఇది సూది వల్లనే. దాంట్ల మగ హార్మోను లాంటిది ఉంటది, కొందరికి గొంతు దిగుతది. ఆపితే ఇంకా దిగకుండ ఉంటది గని, పోయింది మళ్ల వస్తదని చెప్పలేను." తర్వాత మెల్లగా అంది. "పాడుతవని చెప్పి ఉంటే ముందే వేరే దారి చూస్తుంటిని గదమ్మా. ఏం పని చేస్తవని అడిగిన గద."

పెద్దమ్మ తల వంచుకుంది. "పాట పని గాదు గద డాక్టరమ్మా. అడిగినప్పుడు యాదికే రాలే."

ఎన్నిసార్లు తలచుకున్నా నన్ను కలచివేసేది ఆ మాటే. కండెలు చుట్టడం పనే, నీళ్లు మోయడం పనే. వాడంతటినీ తన వెంట నడిపించిన గొంతు మాత్రం డాక్టరుకు చెప్పదగ్గ సంగతిగా ఆమెకే తోచలేదు.

ఇంకేం దారులున్నాయని నేనే అడిగాను. ఆపరేషన్‌తో ఒంట్లో ఎండిపోయిన ఆడవాళ్ల హార్మోనునే గోలీగా ఇవ్వవచ్చంది డాక్టరమ్మ. "మీ ఇంట్ల ఎవరికన్న రొమ్ముల గడ్డ అయిందా?" అని అడిగింది. "మాయమ్మ దాంతోనే పోయింది" అంది పెద్దమ్మ. డాక్టరమ్మ రాయబోతున్న కలం పక్కన పెట్టేసింది. ఇంకొకటి ఫ్లోరైడు గోలీ, పెద్ద ఊళ్లలో కొందరు ఇస్తున్నారంది. ఆ పేరు వినగానే పెద్దమ్మ ఉలిక్కిపడింది. "మా మేనత్తది నల్లగొండ దిక్కు. ఆ నీళ్లు తాగి తాగి ఊరంత వంకర్లు తిరిగిన్రు. గా నీళ్లనే గోలీ జేసి ఇత్తవా?" డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. "నీళ్లల్ల ఎంతొస్తదో కొలత ఉండదు, దీనికి ఉంటది. అయినా కడుపుల మంట, మోకాళ్ల నొప్పులు తప్పవు. నీకు ఇయ్యాలంటే నాకే ధైర్యం చాలుత లేదు." ఇక మిగిలింది గోలీలు, తిండి, ఎండ, నడక. అవి సూదంత పనిచేయవని ఆమె దాచకుండా చెప్పింది. సూది కొనసాగిస్తే నడుము నిలుస్తుంది. ఆపితే గొంతు ఉన్నకాడికి ఉంటుంది.

ఆ వారమంతా ఇంట్లో అదే మాట. పెద్దబాపు మగ్గం దిగకుండానే అన్నాడు. "సూది ఏపిచ్చుకో. నాకు నీ పాటొద్దు, నువ్వు లేచి నడుత్తె సాలు." ప్రేమతోనే అన్నాడు, అది నాకు తెలుసు. పెద్దమ్మ చాలాసేపు రాట్నం తిప్పింది. చివరికి అంది. "నీకొద్దేమో. నాకు గావాలె." ఆ ఇంట్లో ఆమె నోట "నాకు కావాలి" అన్న మాట నేను వినడం అదే మొదలు, అదే కడపటిది. సూదులు మానేసింది.

ఆ తర్వాతి ఏళ్లన్నీ ఆమె తన ఒంటితో బేరమాడినట్టే గడిచాయి. పొద్దున్నే తైదంబలి, అదే రాగిజావ, తాగేది. నువ్వులు దంచి బెల్లంతో ముద్దలు కట్టి నాకు కూడా పెట్టేది, "ఇప్పట్నించే తిను, నా లెక్క గాకు" అని. ఎండలో వాడ చివరిదాకా నడిచి వచ్చేది. భాద్రపదం రాగానే పొద్దుటిపూట మగ్గం వెనక్కి వెళ్లి గొంతు సవరించుకునేది, పైకి తీసి చూసేది. ఆ చీలిక అక్కడే ఉండేది. మేం వినలేదన్నట్టు ఉండేవాళ్లం. గొంతు రాలేదు. నడుము ఏటికేడాది వంగుతూనే ఉంది, పూసలు మరో రెండు నలిగాయి.

మూడో ఏటో నాలుగో ఏటో ఆమె ఇక పైకి తీయడం మానేసింది. ఆ బతుకమ్మకు వరుసలో నిలబడి, ఎవరూ అడగకుండానే పాట ఎత్తుకుంది, మగవాళ్ల గొంతంత కింద నుంచి. చాలా మెల్లగా, తన గొంతు ఎక్కగలిగినంతే ఎక్కుతూ. మొదట ఆడవాళ్లు తికమకపడ్డారు. తర్వాత ఒక్కొక్కరే కిందికి దిగి ఆమెను అందుకున్నారు. సన్న గొంతుల ఆడపిల్లలకు అది చాలా కష్టమైంది, మాట గొంతులోనే మునిగిపోయేది. మా వాడ బతుకమ్మ ఆడుతోందా, భజన చేస్తోందా అని పక్కవాడ వాళ్లు ఎకసెక్కాలాడారు. పెద్దమ్మ పట్టించుకోలేదు. అప్పటి నుంచి మా వాడలో పాట ఆ కింది శ్రుతిలోనే ఉంది.

మొన్న వానాకాలంలో వాకిట్లో కాలు జారింది. పెద్దగా పడలేదు, కూలబడిందంతే. తుంటి బొక్క విరిగింది. మంచం పట్టాక ఊపిరితిత్తులకు నెమ్ము చేరింది. చివరివారంలో ఒక మధ్యాహ్నం నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసి అడిగింది. "తప్పు జేసిన్నా బిడ్డా? గొంతూ రాకపాయె, నడుమూ నిలవకపాయె."

లేదు పెద్దమ్మా అన్నాను. అనాలి కాబట్టి అన్నాను. నిజానికి నాకు తెలియదు. డాక్టరమ్మను అడిగితే, సూదులు వేసినా ఈ తుంటి విరిగేదేమో, విరగకపోయేదేమో, ఎవరూ చెప్పలేరని అంది. పెద్దబాపు ఒకరోజు "బలిమినన్న సూదులు ఏపిచ్చేదుండె" అంటాడు. ఇంకొకరోజు "పాటొద్దని ఎందుకన్ననో, ఆ మాట అనకుంట ఉండాల్సింది" అంటాడు. రెండు మాటలకూ నేను తల ఊపుతున్నాను. ఆమెకు నడుమూ గొంతూ రెండూ నిలిపే మందు ఒకటి ఉంటే ఎంత బాగుండేది అనిపిస్తుంది. ఎన్నేళ్లకో ఎవరో కనిపెడతారు. మా పెద్దమ్మకు అందలేదు.

ఆమె పోయిన నెలకు బతుకమ్మ వచ్చింది. ఈ ఏడు మా ఇళ్లల్లో పేర్చకూడదు కాబట్టి నేను, అమ్మ పెద్దమ్మ గడపలో కూర్చుని చూశాం. నెక్కొండ నుంచి కొత్తగా వాడకు కోడలై వచ్చిన పిల్ల ఒకతి పాట ఎత్తుకుంది. మంచి గొంతు, పలుచన. ఒకప్పటి పెద్దమ్మ గొంతంత పైన మొదలుపెట్టింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు వంగారు, చప్పట్లు కొట్టారు, జవాబు పాడారు. అలవాటుగా కింద పాడారు. ఆ పిల్ల ఆగి చుట్టూ చూసింది.  మళ్లీ ఎత్తుకుంది, కొంచెం దించి. వాళ్లు ఇంకా కిందే ఉన్నారు. అమ్మ నా పక్కన ఎప్పటిలాగే తాళం తప్పుతూ ఒళ్లో మెల్లగా చప్పట్లు కొడుతోంది. మూడోసారి ఆ పిల్ల తల కాస్త వంచి, గొంతు ఇంకా ఇంకా దించుకుంటూ, మా పెద్దమ్మ వదిలి వెళ్లిన చోటు కోసం వెతుక్కుంటూ దిగింది.