ముప్ఫై రెండు చుట్లు

పెర్మ్ నగరంలో ట్రామ్ నడిపి రిటైరైన కపితలీనాకు బాలే హాలు పై బాల్కనీ పుట్టిల్లు లాంటిది. నలభై ఏళ్లుగా అక్కడే కూర్చుని లెక్కపెడుతోంది. ఆమెకిష్టమైన బాలే మూడో అంకంలో నాయిక ఒంటికాలి మీద ముప్ఫై రెండు చుట్లు ఆగకుండా తిరగాలి. ఒక్కటి తగ్గినా ఆమె ఊరుకోదు. ఈ సీజన్‌లో మొదటి అమ్మాయి ఇరవై తొమ్మిదితో సరిపెట్టింది. రెండో అమ్మాయి ముప్ఫై ఒకటి తిరిగింది. ఆ తగ్గిన ఒక్కదాని కోసం కపితలీనా వారం రోజులు సణిగింది.

ఆదివారం మధ్యాహ్నం ఆటలో నాయికగా కొత్త పిల్ల వచ్చింది.

"బక్కపీనుగ! పదికే పడిపోతుంది చూడవే నోన్నా," అంది కపితలీనా.

"ముందు నోరు మూసుకుని లెక్కపెట్టవే తల్లీ," అని కసిరింది పక్కనున్న స్నేహితురాలు.

పిల్ల తిరగడం మొదలెట్టింది. కపితలీనా అలవాటుగా మోకాలి మీద వేలితో తట్టింది. ఒకటి, రెండు, మూడు. ఆ కాలు నేలలో దిగ్గొట్టిన మేకులా ఉంది, పైన మనిషి మాత్రం గాలిలా ఉంది. తట్టే వేలు ఎప్పుడు ఆగిందో ఆమెకే తెలియలేదు. హాలు చప్పట్లతో దద్దరిల్లింది.

"ఎన్నయ్యాయే?" అనడిగింది నోన్నా.

కపితలీనా కళ్లు తుడుచుకుంది.

"నాలుగు దాకా ఉన్నానే. ఆ తర్వాత నేను లేను."