కుడితి తొట్టిలో తామరలు

మా అక్క కొడుకు తిరుపతిలో కొత్తగా కట్టుకున్న ఇంటి గేటు పక్కన ఒక రాతి తొట్టి పెట్టి, నీళ్ళు పోసి తామరలు వేశాడు. వచ్చినవాళ్ళంతా దాని పక్కన నిలబడి ఫోటోలు తీసుకుంటారు. "అవ్వ కాలం నాటిది చిన్నమ్మా, పాతిల్లు కొట్టేసేటప్పుడు నేనే లారీలో ఏయించుకోని వచ్చినా" అని వాడు మురిసిపోతాడు. తామరలు బాగానే పూశాయి. నేను మాత్రం ఆ గేటు దాటేటప్పుడు పాత అలవాటున ముక్కు మూసుకోబోయి, పక్కన మనుషులున్నారని చెయ్యి దించేస్తాను. అది మా ఎనుము కుడితి తాగిన తొట్టి.

మా చిన్నప్పుడు తిరుపతి చివర వీధుల్లో ఇంటికొక ఎనుమో ఆవో ఉండేది. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, వంకాయ తొడిమలు, మామిడి తొక్కలు, పులిసిపోయిన సంగటి, అన్నీ పెరట్లోని ఆ తొట్టిలోకే పోయేవి. ఎండాకాలం కొండ మీద నుంచి వేడిగాలి దిగేసరికి అది పొంగి, పైన బూజురంగు నురగ కట్టి, ఈగలు ముసిరి, వీధి గుమ్మం దాకా కంపు కొట్టేది. పెరట్లోకి వెళ్ళాలంటే నేను ఊపిరి బిగబట్టి పరుగెత్తేదాన్ని.

ఆ వేసవిలోనే మా అక్క తొలికాన్పుకి పుట్టింటికి వచ్చింది. మగబిడ్డ పుట్టాడు, కానీ పాలు చాలలేదు. మా నాయన తల్లి, అంటే మా అవ్వ, బాలింత పథ్యం తన చేతిలోకి తీసుకుంది. ఆ ఇంట్లో అవ్వ మాటకి అమ్మే ఎదురు చెప్పేది కాదు, ఇంక అక్క ఎంత? కిటికీలు మూసిన గదిలో, చెవులకు గుడ్డ కట్టుకుని, సాంబ్రాణి పొగలో అక్క చెమటలు కక్కుతూ కూర్చునేది. "పాలు పడాలంటే ఆకు తినాల" అనేది అవ్వ. ఒకరోజు మునగాకు, ఒకరోజు అవిసాకు, ఒకరోజు మెంతాకు. ఆకు దూయడం నా పని. మునగచెట్టు మాను నిండా గొంగళి పురుగులు ఒకదాని మీద ఒకటి పాకుతూ ఉండేవి, చేతికి తగిలితే ఆ రోజంతా నాకు అన్నం సహించేది కాదు.

అవ్వ ఆ ఆకును కుండలో మెత్తగా ఉడకేసి, రెండు చేతులా చుక్క మిగలకుండా పిండి, ఉండలు చేసి, వెల్లుల్లితో పొడిపొడిగా వేయించేది. పిండిన పచ్చటి నీళ్ళు తీసుకెళ్ళి కుడితి తొట్టిలో పోసేది. బాలింత కడుపులోకి నీళ్ళు పోతే ఒళ్ళు ఉబ్బుతుందనీ, బిడ్డకు జలుబు చేస్తుందనీ ఆమె నమ్మకం. అన్నంతో పాటు చిన్న గ్లాసుడు కాచిన నీళ్ళు ఇచ్చేది, మళ్ళీ అన్నం వేళ దాకా అంతే. ఆ పొడి ఆకు అక్క గొంతులో అడ్డం పడి, కళ్ళలో నీళ్ళు తిరిగి, పళ్ళ సందుల్లో పచ్చటి పిప్పి ఇరుక్కుని ఉంటే నాకు చూడబుద్ధయ్యేది కాదు. బిడ్డ ఆకలికి గుక్కపట్టి ఏడ్చేవాడు. చూడవచ్చిన అమ్మలక్కలు బిడ్డనొకసారి, అక్క రొమ్ములనొకసారి చూసి, "ఆకు సరింగా తింటా ఉండావా లేదా?" అని ఆమెనే అడిగేవాళ్ళు. అవ్వ ఇంకో ఉండ ఎక్కువ వేసేది.

అంతలో గంగమ్మ జాతర వచ్చింది. వీధుల్లో వేషాలు, డప్పులు, వేపాకు తోరణాలు, గుమ్మం గుమ్మానా అంబలి కుండలు. మజ్జిగ కలిపి, ఉల్లిపాయ ముక్కలు వేసిన చల్లటి రాగి అంబలిని మా ఇంటి ముందర కూడా దారిన పోయేవాళ్ళందరికీ అవ్వే పిలిచి పిలిచి పోసింది. ఆ మధ్యాహ్నం అంబలి అడుగంటితే ఇంకో చెంబు మజ్జిగ తెమ్మని నన్ను లోపలికి పంపింది.

గదిలో అక్క లేదు. పెరటి తలుపు తీసి ఉంది. తొట్టి దగ్గర గొంతుక్కూర్చుని, పైన తేలే నురగను ఒక చేత్తో పక్కకు తోసి, పొద్దున పోసిన మునగాకు నీళ్ళు కలిసిన ఆ కుడితిని దోసిళ్ళతో తాగుతోంది. గడ్డానికి మామిడి తొక్క అంటుకుని ఉంది. పక్కనే ఎనుము మూతి ముంచి తాగుతోంది. నాకు అక్కడే వాంతి అయింది. "అవ్వా, అక్క కుడితి తాగతా ఉండాది" అని అరిచాను.

అవ్వ వచ్చింది, వెనకే అమ్మ వచ్చింది. అవ్వ అక్క గడ్డాన్ని తన కొంగుతో తుడిచింది. "అరస్తావెందుకే. మీ నాయన పుట్నప్పుడు నేనూ తాగినా, ఈ తొట్లోనే" అంది, ఎప్పుడో జ్వరం వచ్చి పోయిందన్నట్టు. అమ్మ లోపలికి పోయి, చెంబు నిండా నీళ్ళు తెచ్చి అక్క నోటికి పట్టింది, అది అయిపోతే ఇంకో చెంబు తెచ్చింది. మర్నాటి నుంచి ఆకు ఉడికిన నీళ్ళు తొట్టికి పోలేదు. మిరియాలపొడి, ఉప్పు వేసి అమ్మే అక్కకి తాగించింది. కొన్నాళ్ళకి పాలు పడ్డాయి. అవ్వ వీధంతా తిరిగి, తను ఆకు తినిపించబట్టే పడ్డాయని చెప్పుకుంది.

కుడితి మీద రోత ఎప్పుడో పోయింది, దానికేం, అది పశువుల తిండి. ఆ దాహం ఎలాంటిదో తెలిసిన మనిషి, అదే తొట్టి ముందు వంగిన మనిషి, మనవరాలికి చిన్న గ్లాసు ఎలా కొలిచి ఇచ్చిందో తలచుకుంటే మాత్రం ఇప్పటికీ అసహ్యం వేస్తుంది. వేరుశనక్కాయలు ఉడకేసి నా ఒళ్ళో పోసి, నిద్ర వచ్చేదాకా వీపు నిమిరిన చేతులు కూడా అవే.

అవ్వ పోయింది, ఎనుము పోయింది, మునగచెట్టు ఉన్న చోట మెడికల్ షాపు వచ్చింది. జాతరలో అంబలి ప్లాస్టిక్ గ్లాసుల్లో పోస్తున్నారు. పోయినవాటిలో ఆ మూసిన కిటికీల గది కోసం నేను బెంగపడను.

మొన్న అక్క తన కొడుకింటికి వచ్చింది. తామరలు చూపించి, "బాగుండాదా అమ్మా?" అని అడిగాడు వాడు. వాడికి ఆ సంగతి మేమెవరం చెప్పలేదు. అక్క తొట్టి అంచు మీద చెయ్యి వేసింది.

"ఎండలు ముదరతా ఉండాయి నాయనా. దీంట్లో నీళ్ళు మాత్రం ఎప్పుడూ తగ్గనీయొద్దు" అంది.

తామరల కోసమే అనుకుని వాడు తలూపి, పైపు తెచ్చి అంచు దాకా నింపాడు.